మొదటి శిల్పం ఎలా చేయాలి: సరుకు ఎంచుకోవడం నుంచి సిమెంటు గేదె దాకా

శిల్పం చేయాలని సరదా పడేవాళ్లు చాలామంది ముందు బొమ్మ గీసేసుకుంటారు. ఆ తర్వాతే "దీన్ని దేంతో చేద్దాం?" అని ఆలోచిస్తారు. నా మాట వింటే ఈ వరస తిరగేయండి. ముందు సరుకు తేల్చుకోండి, ఎలాంటి బొమ్మ చేయాలో అదే చెబుతుంది. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను సిమెంటుతో చేయబోతే ఆ సన్నటి కాలు దగ్గరే గొడవ మొదలవుతుంది. అదే కొంగను ఇనప చువ్వ వంచి చేస్తే సాయంత్రానికల్లా నిలబడుతుంది.

మనం చివరికి చేయబోయేది ఒక పడుకున్న గేదె. అడుగున్నర పొడవు, పెరట్లోనో మేడ మీదో పెట్టుకునేది, సిమెంటుతో. దీనికి బట్టీ అక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు, అచ్చు తీసే పని లేదు. ఈ సరుకే ఎందుకు, ఈ బొమ్మే ఎందుకు అన్నది ముందు చూద్దాం. తొందరలో ఉన్నా ఈ భాగం దాటేయకండి.

ముందు మూడు ప్రశ్నలు

బొమ్మ ఎక్కడ ఉంటుంది? గదిలో షెల్ఫు మీదా, ఎండా వానా పడే చోటా? కాల్చని మట్టి బొమ్మను బయట పెడితే గట్టి వాన ఒక్కటి చాలు. కాగితపు గుజ్జు బొమ్మ ఇంట్లోనే ఉండాలి, అదీ చెమ్మ, చెదలు లేని చోట. మైదా జిగురులో కాస్త మైలతుత్తం కలిపితే పురుగు పట్టదని పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లు చెబుతారు. నిజమే కానీ అది విషం. పిల్లలు చేతులు పెట్టే జిగురులో మాత్రం వేయకండి.

ఎన్నాళ్లు ఉండాలి? నవరాత్రుల వినాయకుడికి పచ్చిమట్టిని మించింది లేదు, నీళ్లలో కరిగిపోవడమే దాని పని కాబట్టి. పదేళ్లు, ఇరవయ్యేళ్లు నిలవాలంటే లెక్క వేరు. అమెరికా శిల్పి ఎవా హెస్ 1969లో 'ఎక్స్‌పాండెడ్ ఎక్స్‌పాన్షన్' అని ఒక పెద్ద శిల్పం చేసింది. రబ్బరు పాలలో ముంచిన పల్చటి గుడ్డను ఫైబర్‌గ్లాసు కర్రల మధ్య తెరలా వేలాడదీసింది. కొత్తలో అది మెత్తగా, వెలుతురు కాస్త లోపలి నుంచి కనపడేలా ఉండేది. రబ్బరు ముదిరేకొద్దీ రంగు మారి, బిరుసెక్కి, ముట్టుకుంటే విరిగేలా తయారైంది. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం దాన్ని దశాబ్దాల పాటు స్టోరులోనే ఉంచి, ఎంతో మరమ్మతు చేశాక 2022లో మళ్లీ బయటికి తెచ్చింది. రబ్బరు పాలు ఎక్కువ కాలం నిలవవని ఆమెకు తెలుసు, తెలిసే వాడింది. మనమూ తెలిసి వాడితే పేచీ లేదు.

మీ దగ్గర ఏ పనిముట్లున్నాయి, గాలి ఎంత ఆడుతుంది? ఈ మూడో ప్రశ్నను ఎవరూ వేసుకోరు. సూర్యాపేటలో 1956లో పుట్టి విశాఖపట్నంలో స్థిరపడిన జి. రవీందర్ రెడ్డి చేసిన పెద్ద పెద్ద స్త్రీ తలలు చూసే ఉంటారు. విప్పారిన కళ్లు, పూలు చుట్టిన కొప్పు, ఒంటికి బంగారు రేకు లేదా కళ్లు చెదిరే రంగు. అవి ఎక్కువగా ఫైబర్‌గ్లాసు. అంత పెద్ద తల అంత తేలికగా ఉండాలన్నా, కారు బాడీకి కొట్టినట్టు నున్నటి రంగు పట్టాలన్నా ఆ సరుకే సరి. అవి చూసి చాలామంది ఇంట్లోనే రెసిన్ (ఈ పనికి వాడే, పోశాక గట్టిపడే ద్రవం) డబ్బా తెరుస్తారు. దయచేసి వద్దు. పాలిస్టర్ రెసిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరి మూసిన గదిలో తల తిప్పేస్తుంది. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. దాంట్లో కలిపే కోబాల్టు యాక్సిలరేటర్‌నూ, గట్టిపరిచే క్యాటలిస్టునూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే మంటలు లేస్తాయి, పేలనూ వచ్చు. పని తెలిసినవాళ్ల దగ్గర, గాలి ఆడే షెడ్డులో నేర్చుకోవాల్సిన విద్య అది.

రాయి సంగతీ అంతే. పొడి గ్రానైటును గ్రైండరుతో కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. నీళ్లు పోస్తూ కోయాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి. వెల్డింగ్ వచ్చినవాళ్లకూ ఒక మాట. జింకు పూత ఉన్న జీఐ పైపును అలాగే వెల్డు చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. అతికే చోట పూత గీకేసి, ఆరుబయట చేయండి.

అదే గేదెను వేరే సరుకుతో చేస్తే

సరుకు మారితే బొమ్మ ఎంత మారుతుందో చూడండి.

పాత ఇనప సామానుతో అయితే గేదె నిలబడొచ్చు, పరిగెత్తనూ వచ్చు. సన్నటి కాళ్లు ఇనుముకు బరువు కాదు. సైకిల్ చైను మెడ ముడతలవుతుంది, బేరింగు కన్నవుతుంది. తెనాలిలో నట్లు, బోల్టులు, గేర్లు అతికి మనిషి ఎత్తుకు మించిన విగ్రహాలు చేస్తున్నారు. పికాసో 1942లో సైకిల్ సీటుకు హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేశాడు. రెండే వస్తువులు, మూడోది అడగలేదు. తుక్కుతో పని చేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఆ పొదుపే. ఉన్నదంతా అతికేస్తే అది తుక్కు కొట్టు ముందు పోగులాగే కనపడుతుంది.

తాడుతో అయితే గేదె నిలబడదు, పైనుంచి వేలాడాలి. శిల్పి మృణాళినీ ముఖర్జీ (1949–2015) జనపనార తాళ్లకు రంగులద్ది, చేత్తో ముడులు వేస్తూ ఆకారాలు పెంచింది. ముందు స్కెచ్ వేసుకునేది కాదు. తాడు బరువుకు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ మడత పడుతుందో చూసుకుంటూ పోయేది. 2019లో న్యూయార్క్‌లో ఆమె పనులతో పెద్ద ప్రదర్శన జరిగింది. మనకు కోనసీమ కొబ్బరిపీచు తాడుంది, ఉత్తరాంధ్ర గోగునార ఉంది. ప్రయత్నించండి, కాకపోతే ఎండ తగలని గోడకు వేలాడదీయండి.

కాల్చిన మట్టితో అయితే లోపల డొల్లగా ఉండాలి, గోడ మందం అంగుళం దాటకూడదు, గాలి పోయేందుకు కడుపు కింద రంధ్రం ఉండాలి. లోపల తడి మిగిలితే బట్టీలో ఆవిరై పగలగొడుతుంది. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి లోపల ఇనప చువ్వ పెట్టకూడదు. చువ్వ కుంచించుకోదు, మట్టి చీలుతుంది.

పోత పని చేయించాలంటే ఆదిలాబాద్ డోక్రా కళాకారులున్నారు. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆ తీగల గీతలే బొమ్మకు చర్మం. కలకత్తా శిల్పి మీరా ముఖర్జీ బస్తర్ వెళ్లి అక్కడి పోతపనివాళ్ల దగ్గర ఈ పద్ధతి నేర్చుకుని, అశోకుడి విగ్రహం లాంటి నిలువెత్తు పనులు చేసింది.

ఇక సిమెంటు. ఇది చవక, ఊరూరా దొరుకుతుంది, ఎండకూ వానకూ ఆగుతుంది. 1938లో శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ అనే శిల్పి 'సంథాల్ కుటుంబం' (సంథాలులు తూర్పు భారత గిరిజనులు) చేసినప్పుడు సిమెంటు, లేటరైట్ గులకరాళ్లు వాడాడు. కంచు పోయించే స్తోమత లేదు. ఇనప చువ్వల చట్రం కట్టి, దాని మీదికి మాలు (నీళ్లతో కలిపిన సిమెంటు ముద్ద) విసిరి విసిరి ఆకారం తెచ్చాడు. కావడిలో బిడ్డను మోస్తున్న తండ్రి, పక్కన తల్లి, వెంట కుక్క. పైన నున్నగా చేయలేదు, గులకలు బయటికే కనపడతాయి. ఊరు వదిలి కూలికి పోతున్న కుటుంబానికి ఆ గరుకుదనం ఎంత అతికిందో! పాలరాతిలో అదే బొమ్మను ఊహించుకోండి, ఏదో తేడా కొడుతుంది.

సిమెంటు బరువు, పెళుసు. సన్నటి భాగాలు దానికి పడవు, నేలకు దగ్గరగా ముద్దగా ఉండే ఆకారాలు బాగా పడతాయి. అందుకే పడుకున్న గేదె.

ఏమేం తెచ్చుకోవాలి

సిమెంటు ఆరు కిలోలు చాలు, విడిగా అమ్మే షాపులో తీసుకోండి. చేతిలోకి తీసుకుంటే చల్లగా, పిండిలా ఉండాలి. ఉండలు కట్టి, నలిపినా విడిపోకపోతే వదిలేయండి. జల్లెడ పట్టిన సన్న ఇసుక ఒక బకెట్. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, దాంట్లో ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. 6 ఎంఎం చువ్వ నాలుగు మీటర్లు (షాపులోనే ముక్కలు కోయించుకోండి), బైండింగ్ వైరు అరకిలో, చికెన్ మెష్ (కోళ్ల గూళ్లకు కట్టే సన్న తీగ వల) రెండు మీటర్లు, కొమ్ములకు కాస్త లావు జీఐ తీగ. కటింగ్ ప్లేయరు, చిన్న తాపీ, పాత ఫోర్కు, పాత కత్తి, బ్రష్షు, రెండు గోనెసంచులు, ఒక ప్లాస్టిక్ పట్టా. రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి, తడి సిమెంటు క్షారం కాబట్టి పని చేసేటప్పుడు తెలియకుండానే చర్మాన్ని కాలుస్తుంది. నల్ల ఆక్సైడ్ రంగు పావుకిలో, ఇష్టమైతే.

మొదటి అడుగు: గేదెను చూడటం

ఫోనులో ఫొటోలు వెతకడం కంటే పాలవాళ్ల కొట్టం దగ్గర ఓ పూట నిలబడటం మేలు. పడుకున్న గేదె ముందుకాళ్లు రొమ్ము కింద మడుచుకుంటుంది. వెనక కాళ్లు ఒక పక్కకు వస్తాయి, అందువల్ల పొట్ట రెండో పక్కకు జారుతుంది. రెండు పక్కలూ ఒకేలా చేశారంటే అది గేదె కాదు, దిండు. వెనక తుంటి ఎముకలు రెండూ గుడారం కర్రల్లా పైకి పొడుచుకొస్తాయి, వాటి మధ్య వెన్ను కాస్త లోపలికి దిగుతుంది. మెడ ముందుకు సాగి, ముట్టె దాదాపు వెన్నుకు సమానమైన ఎత్తులో నిలుస్తుంది.

ఏ గేదెను చేయాలో కూడా సరుకే చెబుతుంది. నాటు గేదెల కొమ్ములు చాలావాటికి పొడుగ్గా, కొడవలిలా వెనక్కి సాగుతాయి. చూడ్డానికి అందం, సిమెంటుకు గండం. ముర్రా గేదె కొమ్ములు పొట్టిగా, బిగుసుకుని చుట్ట తిరిగి తలకు దగ్గరగా ఉంటాయి. మొదటి బొమ్మకు ముర్రానే చేయండి. నాటు గేదే కావాలంటే కొమ్ముల కొసలు మెడను తాకేలా పెట్టండి, రెండు చోట్ల ఆనితే విరగవు.

రెండో అడుగు: మట్టి నమూనా

కుమ్మరి దగ్గర బంకమన్ను తెచ్చి ఆరు అంగుళాల గేదె చేయండి. అసలు బొమ్మ పద్దెనిమిది అంగుళాలు కాబట్టి నమూనాలో ఒక అంగుళం అక్కడ మూడు అంగుళాలు. కొలతలన్నీ ఇలా మూడింతలు చేసుకుంటే చాలు.

నమూనాను పీట మీద పెట్టి తిప్పుతూ చేయండి. ఒకే వైపు కూర్చుని చేస్తే రెండో వైపు ఎప్పుడూ చప్పగా వస్తుంది. చీకట్లో టార్చి ఒక పక్క నుంచి వేసి చూడండి, నీడ పడని చోట ఆకారం ఇంకా తేలలేదని అర్థం. చెవులు, తోక విడిగా గాలిలో ఉన్నాయేమో చూసి ఒంటికి ఆనించేయండి. కళ్లు, ముక్కు రంధ్రాలు ఇప్పుడు వద్దు. ముద్దలు ఒకదానికొకటి ఎలా ఆనుతున్నాయన్నదే ఈ నమూనా పని. అయ్యాక నాలుగు వైపులా, పైనుంచీ ఫొటో తీసుకోండి. ఆరితే ఎలాగూ చీలుతుంది.

మూడో అడుగు: చట్రం

చువ్వను పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉండే కోడిగుడ్డు ఆకారంలో వంచి అడుగు రింగు చేయండి. దాని మీద తోక నుంచి ముట్టె దాకా వెన్నెముకగా ఒక చువ్వ. అడ్డంగా మూడు విల్లులు: భుజాల దగ్గర, పొట్ట దగ్గర, తుంటి దగ్గర. తుంటి విల్లు అన్నిటికంటే ఎత్తుగా, కాస్త చదునుగా ఉండాలి. కలిసే ప్రతిచోటా బైండింగ్ వైరుతో బిగించి కట్టండి. కట్టాక చట్రాన్ని పట్టుకుని ఊపండి. కదిలిందంటే మాలు కూడా అక్కడే పగులుతుంది, మళ్లీ కట్టండి.

చట్రం అసలు బొమ్మ కంటే అన్ని వైపులా అంగుళం చిన్నగా ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇనుము పైకి దగ్గరగా ఉంటే తడి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచి సిమెంటును చీలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పాత సన్‌షేడ్లు పెచ్చులూడటం చూశారుగా, కారణం ఇదే.

అల్యూమినియం తీగ వాడొద్దు. తేలిగ్గా వంగుతుందని మట్టి బొమ్మల చట్రాలకు వాడతారు, అక్కడ బాగుంటుంది. తడి సిమెంటులోని క్షారం దాన్ని తింటుంది, బుడగలు వస్తాయి, పట్టు పోతుంది.

కొమ్ములకు జీఐ తీగను రెండు పేటలుగా మెలిపెట్టి తల చువ్వకు కట్టండి. మెలికల్లో మాలు పట్టుకుంటుంది. ఇప్పుడు పొట్ట నిండా నలిపిన న్యూస్‌పేపర్లు ప్లాస్టిక్ కవర్లలో కూరి పెట్టండి. మొత్తం సిమెంటుతో నింపితే బొమ్మ పాతిక కిలోల దాకా తూగుతుంది, డొల్లగా చేస్తే అందులో సగం. పైన చికెన్ మెష్ రెండు పొరలు చుట్టి, చేత్తో నొక్కుతూ ఆకారం తెచ్చి, అక్కడక్కడా బైండింగ్ వైరుతో కుట్టండి. మెష్ అంచులు గుచ్చుకుంటాయి, తోలు గ్లవ్స్ ఉంటే మంచిది. ఈ దశలోనే అది గేదెలా కనపడాలి. మెష్‌లో లేని ఆకారం సిమెంటులో రాదు.

నాలుగో అడుగు: మాలు కలపడం

ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక. పొడిగా ఉన్నప్పుడే రంగు తేడా కనపడనంత వరకు కలపండి, తర్వాతే నీళ్లు, కొద్దికొద్దిగా. గారెల పిండిలా ఉండాలి: ముద్ద చేస్తే నిలబడాలి, నీళ్లు కారకూడదు. నీళ్లెక్కువైతే పని సులువే, కానీ ఆరాక పగుళ్లు, బలం తక్కువ. ఒకేసారి అంతా కలపొద్దు, అరగంటలో వాడేంత కలుపుకోండి. గట్టిపడటం మొదలైన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం పనికిరాదు, పారేయండి.

నల్ల ఆక్సైడ్ వేసేటట్టయితే రెండో పూత మాలులో, పొడిగా ఉన్నప్పుడే కలపాలి. సిమెంటు బరువులో వందకు ఐదు వంతులు, అంటే రెండు కిలోల సిమెంటుకు వంద గ్రాములు. ప్రతిసారీ తూకం వేయండి. గుప్పెళ్ల లెక్కన వేస్తే ఒక్కో ముద్ద ఒక్కో రంగు వచ్చి గేదెకు బొల్లి వచ్చినట్టుంటుంది.

ఐదో అడుగు: మొదటి పూత

దీని పని మెష్‌ను పట్టుకోవడం, అందం కాదు. మాలును బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి, మెష్ కళ్లలోంచి లోపలికి దిగి అవతల ముద్దలు కట్టాలి. అర అంగుళం మందం చాలు. కింది నుంచి పైకి రండి. బిగుస్తుండగా ఫోర్కుతో అడ్డంగా నిలువుగా గీతలు గీయండి, రెండో పూతకు పట్టు దొరుకుతుంది. అడుగున నీళ్లు పోయేందుకు వేలు పట్టేంత రంధ్రం ఒకటి వదిలేయండి. తడి గోనెసంచి కప్పి మర్నాటిదాకా వదిలేయండి.

ఆరో అడుగు: రెండో పూత, చెక్కడం

మర్నాడు పొద్దున్నే బొమ్మను తడిపి, సిమెంటు పాలు (నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు) బ్రష్షుతో రాసి, అది ఆరకముందే రెండో పూత మొదలెట్టండి. అసలు శిల్పం ఇక్కడుంది. చిన్న చిన్న ముద్దలు వేయకండి. పిడికెడు మాలు తీసుకుని ఉండాల్సిన చోట గట్టిగా కొట్టండి, తుంటి ఎముక ఒక దెబ్బకు లేవాలి. పదేపదే నిమిరితే ఆకారం సబ్బులా అరిగిపోతుంది, పైగా సిమెంటు పాలు పైకి తేలి వెంట్రుక పగుళ్లు వస్తాయి.

మొత్తం పెట్టేశాక ఆగండి. ఎండాకాలమైతే రెండు మూడు గంటలు, వానాకాలమైతే ఐదారు. బొటనవేలితో పొట్ట మీద నొక్కి చూడండి. వేలు దిగి తడి అంటిందంటే ఇంకా కాలేదు. వేలి గుర్తు అసలు పడకపోతే ఆలస్యమైంది. వేలు దిగకుండా చర్మం గీతలు మాత్రం సన్నగా ముద్ర పడుతున్నాయంటే అదే సమయం. అప్పుడు సిమెంటు కత్తికి జున్నులా తెగదు, ఇటుక పొడిలా రాలుతూ కోతకు వస్తుంది. ఆ గంటా గంటన్నరలో చేయాల్సినవన్నీ చేయాలి: కంటి గుంట, ముక్కు రంధ్రాలు, చెవి మడత, కొమ్ము మీది గీతలు, మెడ కింద వేలాడే చర్మం. కంటికి గుడ్డు పెట్టకండి. లోతుగా ఒక గుంట తీసి పై రెప్ప అంచు పదునుగా వదిలేస్తే నీడే కన్నవుతుంది. ఈ సమయంలో ఫోను వస్తే ఎత్తకండి.

వీపు మీద గరుకు కావాలంటే తడి బ్రష్షుతో ఒకే దిశలో ఒక్కసారి లాగండి, బొచ్చు అలానే ఉంటుంది. కొందరు ఇటుక ముక్కలు, గులకలు అద్దుతారు. గేదెకు అవసరం లేదనిపిస్తుంది నాకు, మీ ఇష్టం.

ఏడో అడుగు: నీళ్లు

సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. అందుకే ఎండబెడితే బలహీనపడుతుంది. మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు, ఎండాకాలమైతే పద్నాలుగు, తడి గోనెసంచి చుట్టి పైన పట్టా కప్పి ఉంచండి. రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు కొట్టండి. కొమ్ములు, చెవులు ముందు ఆరిపోతాయి, వాటికి విడిగా తడిగుడ్డ చుట్టండి. ఇరవై ఎనిమిది రోజులు గడిచేదాకా ఎత్తి దించడాలు, కొమ్ము పట్టుకు చూడటాలు పెట్టుకోవద్దు. ఇంట్లో చుట్టాల పిల్లలుంటే ఈ నియమం వాళ్లకు రెండుసార్లు చెప్పండి.

ఎనిమిదో అడుగు: రంగు, చోటు

మొదటి వారాల్లో పైన తెల్లటి పొర తేలొచ్చు. లోపలి సున్నం నీళ్లతో బయటికొచ్చి పేరుకోవడం అది. కంగారు పడకండి, పొడి బ్రష్షుతో రుద్దితే చాలావరకు పోతుంది. దానికి భయపడి వెంటనే రంగు కొట్టేస్తే లోపలి తడి రంగును పొక్కులుగా లేపుతుంది.

అసలు రంగు కావాలా? నా ఓటు వద్దనే. సిమెంటు బూడిద రంగుకు, ఆక్సైడు నలుపుకు గేదెను మించిన బొమ్మ లేదు. బంగారు రంగు కొట్టిన సిమెంటు బొమ్మ కంచులా కనపడదు, బంగారు రంగు కొట్టిన సిమెంటులాగే కనపడుతుంది. రవీందర్ రెడ్డి తలల మీద బంగారం బాగుంటుందంటే ఆ నునుపు, ఆ సైజు, ఆ కళ్లు అన్నీ ఆ మెరుపును లెక్కలో పెట్టుకునే చేసినవి. నెల దాటాక నీళ్లు పీల్చని సిలేన్ సీలర్ ఒక పూత వేస్తే పాచి తక్కువ పడుతుంది. నిగనిగలాడే వార్నిష్ మాత్రం వేయకండి, గేదె నీళ్లలోంచి లేచినట్టుంటుందని అనుకుంటారు గానీ ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది.

పెట్టేచోట కింద రెండు టైలు ముక్కలు వేసి ఎత్తులో ఉంచండి, అడుగు రంధ్రంలోంచి నీళ్లు పోవాలి. ముట్టె ఉత్తరానికో దక్షిణానికో ఉంటే పొద్దునా సాయంత్రం పక్క వెలుతురు పడి తుంటి ఎముకలు బాగా తేలతాయి. నడినెత్తి ఎండలో ఏ శిల్పమైనా చప్పగానే ఉంటుంది.

మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. వెంట్రుకవాసి పగుళ్లుంటే సిమెంటు పాలు బ్రష్షుతో పట్టించి రెండు రోజులు తడపండి. ఎర్రటి తుప్పు మరక కనపడితే ఊరుకోవద్దు. అక్కడ మెష్ పైకి వచ్చిందన్నమాట. ఉలితో అర అంగుళం లోతు తవ్వి, తుప్పు పట్టిన తీగ కోసేసి, మిగిలిన కొసకు జింకు ప్రైమర్ రాసి, ఆరాక మాలుతో పూడ్చి మళ్లీ వారం రోజులు తడి గోనెసంచి కప్పండి.